కథలోని వ్యంగ్యాన్ని ఎలా విశ్లేషించాలి? ‘దిద్దుబాటు’తో ఒక సాధన

కథల మీద రాసే వ్యాసాల్లో “రచయిత వ్యంగ్యాన్ని చక్కగా పోషించారు” అనే వాక్యం తరచుగా కనిపిస్తుంది. అది మెచ్చుకోలే గాని విశ్లేషణ కాదు. వ్యంగ్యం ఏ వాక్యంలో ఉందో, ఏ రెండింటి మధ్య పొసగకపోవడం వల్ల పుట్టిందో, ఆ సంగతి ఎవరికి తెలుసో, ఎవరికి తెలియదో చూపించగలిగినప్పుడే విశ్లేషణ మొదలవుతుంది. ఆ పనిని అంచెలంచెలుగా చేసి చూడడానికి గురజాడ అప్పారావు గారి ‘దిద్దుబాటు’ను తీసుకుంటున్నాను. 1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికలో వచ్చిన ఈ కథ కొద్ది పేజీలదే. కథలోని ముడి ఇక్కడ విప్పక తప్పదు కాబట్టి, ముందుగా కథ చదివి వచ్చిన తరువాతే ఈ వ్యాసం కొనసాగించండి.

మొదట మాటను తేల్చుకోండి

తెలుగులో ‘వ్యంగ్యం’ అన్న మాటకు రెండు వాడుకలున్నాయి. అలంకారశాస్త్రంలో వ్యంజన (అర్థాన్ని సూచనగా అందించే మాట శక్తి) వల్ల స్ఫురించే అర్థమంతా వ్యంగ్యమే, అది ఎదుటివారిని గుచ్చనక్కరలేదు. వాడుకలో మాత్రం పైకి ఒకటి, లోపల దానికి ఎదురైనది ఉండడాన్ని వ్యంగ్యం అంటున్నాం. ఇంగ్లీషు విమర్శ ప్రభావంతో ‘ఐరనీ’ అంటున్నదీ దీన్నే. కీడు చేసినవాడితో “ఎంత మేలు చేశావు!” అనడాన్ని మన శాస్త్రకారులు విపరీత లక్షణ అన్నారు. ఈ రెండో అర్థాన్నే ఇక్కడ తీసుకుందాం. ఇందులో మాటలో ఉండే వ్యంగ్యం, సంఘటనలో ఉండే వ్యంగ్యం, పాత్రకు తెలియనిది పాఠకుడికి తెలియడం వల్ల పుట్టే నాటకీయ వ్యంగ్యం అని మూడు తీరులున్నాయి. పేర్లు పెట్టడం తేలికే, అక్కడితో ఆగిపోకూడదు.

కథను రెండుసార్లు చదవండి, ఎవరికి ఏమి తెలుసో రాసుకోండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఈ అంచెకే ఇవ్వాలని నా అభిప్రాయం. మొదటిసారి కథ కోసం చదవండి. రెండోసారి ఒక కాగితం మీద పాత్రల పేర్లు, వాటి పక్కన ‘పాఠకుడు’ అని రాసుకుని, కథలో ఒక్కొక్క మలుపు దగ్గర ఎవరికి ఏ సంగతి తెలుసో గుర్తు పెట్టుకుంటూ వెళ్లండి.

గోపాలరావు సానిపాట (భోగం స్త్రీల పాటకచేరి) విని రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరతాడు. తలుపు తట్టి పిలిస్తే పలికేవారు లేరు, తోస్తే తలుపు తెరుచుకుంటుంది, గదిలో భార్య కమలిని కనిపించదు. ఆమె పుట్టింటికి వెళ్లిపోతున్నానని రాసిపెట్టిన ఉత్తరం మాత్రం దొరుకుతుంది. అతను కంగారుపడతాడు, నౌకరు రాముడి మీద విరుచుకుపడతాడు, పశ్చాత్తాపపడతాడు, చదువుకున్న భార్య ఎంత గొప్పదో రాముడికి ఉపదేశిస్తాడు, ఇకమీద సానిపాట వినననీ, రాత్రిళ్లు ఇల్లు కదలననీ ఆమెకు చెప్పి బతిమాలి తీసుకురమ్మని అతన్ని పురమాయిస్తాడు. అప్పుడు మంచం కింద నుంచి నవ్వు, అందెల చప్పుడు వినిపిస్తాయి.

మొదటి పఠనంలో పాఠకుడికి, గోపాలరావుకు తెలిసినది ఇంచుమించు ఒకటే, కాబట్టి ముగింపు సంఘటనలోని వ్యంగ్యంగా అందుతుంది. రెండో పఠనంలో ఆ కథే నాటకీయ వ్యంగ్యంగా మారిపోతుంది. రాముడికి చేస్తున్నాననుకున్న ఉపదేశాన్ని, ఎవరూ వినడం లేదనుకుని చేసిన ఒప్పుకోలును అతను నిజానికి భార్య ఎదుటే చేస్తున్నాడని తెలిసి చదువుతాం. ఒకే వాక్యం రెండు పఠనాల్లో రెండు రకాలుగా పనిచేయడమే ఈ కథ నిర్మాణంలోని నేర్పు, మీ వ్యాసంలో గట్టిగా చెప్పవలసిందీ ఇదే. ఇక రాముడికి ముందే తెలుసా? కాగితం మీద అతని పేరు పక్కన ఏమి రాయాలో తేల్చుకోవడానికి అతని మాటలను ఒక్కొక్కటిగా చూడండి. ఆధారం దొరికినంతవరకే చెప్పి, మిగిలినదాన్ని ప్రశ్నగానే ఉంచండి.

ఒక చోటును ఎంచుకుని మాట మాటనూ పరీక్షించండి

ఈ కథలో అందుకు తగినది కమలిని ఉత్తరం. సంబోధన దగ్గరే ఆగండి. గోపాలరావు ఎదురుచూసిన ప్రియమైన పిలుపు స్థానంలో ‘అయ్యా’ అని ఉంటుంది, అతను కూడా ఆ తేడాకే మొదట ఉలిక్కిపడతాడు. పైకి అది మర్యాద, లోపల అది దూరం. గౌరవవాచకాన్నే శిక్షగా మార్చిన మాట అది.

తరువాత ఆమె, రాత్రులు ఆలస్యంగా రావడానికి అతను చెప్పిన సాకులను గుర్తుచేస్తుంది. మీటింగులకు వెళ్తున్నానని, లోకహితం కోసం నిద్ర మానుకుని పనిచేస్తున్నానని అతను చెప్పుకున్నాడు. సానిపాట కూడదనే ‘యాంటినాచ్’ పక్షం వాడినని చెప్పుకుంటూ సానిపాటకే వెళ్లిన మనిషి అతను. ఆ మీదట ఆమె వాదన ఎటు తిరుగుతుందో చూడండి. తాను ఇంట్లో ఉండబట్టే కదా అతను అబద్ధాలు ఆడవలసి వస్తున్నది, తాను వెళ్లిపోతే అతని స్వేచ్ఛకు అడ్డూ, అబద్ధానికి అవకాశమూ ఉండవు అంటుంది. తప్పు తన మీద వేసుకుంటున్నట్లు కనిపించే ఈ వాక్యం, తప్పు ఎవరిదో అంతకన్నా స్పష్టంగా చెప్పడానికి వీలులేనంతగా చెబుతుంది. భర్త మేలు కోరే వెళ్తున్నానన్న మాటలో ఆ బరువంతా ఉంది. ఇదే విపరీత లక్షణ. ఇలాంటి మాటను పట్టుకుని నాలుగు వాక్యాలు రాయగలిగితే, కథ సారాంశం మళ్లీ చెప్పవలసిన అవసరం రాదు.

భాషలోని అంతరాలను వినండి

ఈ కథలో ఉత్తరం గ్రాంథికంలో ఉంటుంది, సంభాషణలు వ్యావహారికంలో సాగుతాయి, రాముడు ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడతాడు. స్త్రీవిద్య మహిమ గురించి, పార్వతికి సగం శరీరం పంచి ఇచ్చిన శివుడి గురించి గోపాలరావు చేసే ఉపన్యాసం ఎవరి ముందు? తానైతే చెంప మీద కొట్టి కూర్చోబెట్టేవాణ్ణని చెప్పిన రాముడి ముందు. ఆ రాముడి చెంప మీద కాసేపటి ముందే యజమాని దెబ్బ పడింది. ఈ సంగతులు పక్కపక్కన ఉండడం యాదృచ్ఛికం కాదు. ఉపన్యాసంలోని భావాలు మంచివే, వాటిని పలికే మనిషి నడత వాటికి ఇంకా అందలేదు.

వ్యంగ్యం కానిదాన్ని వదిలేయండి

ఊహించని మలుపు ప్రతిదీ వ్యంగ్యం కాదు. హాస్యం, ఎత్తిపొడుపు, వ్యంగ్యం తరచుగా కలిసి వస్తాయి గాని ఒకటి కావు. రాముడి యాస నవ్వు పుట్టించవచ్చు, అంతమాత్రాన అది వ్యంగ్యం అయిపోదు. ఇక్కడ కష్టమైన చోటు ఒకటుంది: రాముణ్ణి కొట్టిన వెంటనే గోపాలరావు దయగలవాడని కథకుడు చెబుతాడు. అది ఎగతాళి అని కొందరు రాయవచ్చు. నేను మాత్రం దాన్ని చాలావరకు నిజంగానే తీసుకుంటాను, ఎందుకంటే గోపాలరావు మారగల మనిషి కాకపోతే కథ పేరుకు అర్థమే ఉండదు. మీరు వేరుగా చదివితే అందుకు కథలో నుంచే ఆధారం చూపండి.

గురి ఎవరి మీదో తేల్చండి

ఇందుకు కాలం తెలియాలి. కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో 1881లో తొలి వితంతు వివాహం జరిపించారు, సానిమేళాలకు వ్యతిరేకంగా మద్రాసు ప్రెసిడెన్సీలో 1890లలో నడిచిన ఉద్యమంలోనూ ఆయన గట్టిగా నిలిచారు. కథలోని సాకుల వెనుక ఉన్నవి ఆ రోజుల్లో నిజంగా జరిగిన ఇలాంటి సభలే. అయితే గురజాడ ఎగతాళి చేసినది సంస్కరణనే అనుకోవడం తొందరపాటు. ‘కన్యాశుల్కం’లో గిరీశం కూడా సంస్కరణ మాటలు వల్లిస్తాడు, కానీ అతనిలో పశ్చాత్తాపం కనిపించదు. గోపాలరావు సిగ్గుపడతాడు. ఇక్కడి వ్యంగ్యం మాటకూ నడతకూ మధ్య ఉన్న ఎడాన్ని చూపి, దాన్ని పూడ్చే అవకాశం కూడా ఇస్తుంది. సంఘాన్ని దిద్దే సభల పేరు చెప్పిన భర్తను ఇంట్లోని భార్య దిద్దడమే ఈ కథ పేరులోని అర్థం.

ఇప్పుడు రాయండి

మొదటి పేరాలో కథ సారాంశం పెట్టకండి, మీ వాదనను ఒక వాక్యంలో చెప్పండి. ఉదాహరణకు: “తప్పు తనదిగా చెప్పుకుంటూ భర్త తప్పును బయటపెట్టే కమలిని ఉత్తరం, ఆమె దాగి ఉందని తెలియక గోపాలరావు చేసే ఒప్పుకోలు కలిసి, సంస్కర్తనే సంస్కరణకు లోను చేస్తాయి.” ఆ తరువాతి ప్రతి పేరాకు కథలోని ఒక మాటను ఆధారంగా చూపి, దాని పైఅర్థం, లోఅర్థం, రెండింటి తాకిడి వల్ల పాఠకుడిలో కలిగే మార్పు రాయండి. రాసినది పూర్తయ్యాక కథలోని చివరి వాక్యాన్ని మరోసారి పైకి చదవండి: అప్పటిదాకా వాడుక భాషలో నడిచిన కథనం ఆ నవ్వునూ అందెల చప్పుడునూ చెప్పేటప్పుడు ఒక్కసారిగా కావ్యభాషలోకి మారుతుంది. అలా ఎందుకు మారిందో మీ వ్యాసం చెప్పగలుగుతోందో లేదో చూసుకోండి.