రెండో బాణం తగలకుండా: ఆటిజం ఉన్నవాళ్ళు బుద్ధుడి మాటల్ని రోజూ ఎలా వాడుకోవచ్చు?

సాయంత్రం పూట తిరుపతి ఆర్టీసీ బస్టాండులో నిలబడితే నాకు ఒళ్ళంతా చెవులే. హారన్లు, మైకు, కొండ బస్సు కోసం తోపులాట. నాకు ఆటిజం ఉంది. మీకూ ఉంటే, నేను చేసేవి చెప్తాను.

ముందు బాణాలు రెండని గుర్తుపెట్టుకోండి. ఈ పోలిక సంయుత్త నికాయమనే పాళీ భాషలోని బౌద్ధ గ్రంథంలో బుద్ధుడు చెప్పింది. ఒంటికి తగిలే నొప్పి మొదటి బాణం, దాని మీద మనసు పెట్టే గోల రెండోది. హారన్ చెవిలో గుచ్చుకోవడం మొదటిది. ‘అందరూ బాగానే ఉన్నారు, నాకే ఏంది ఈ ఖర్మ’ అనుకోవడం రెండోది. సాధన రెండోదానికే. మొదటిదాన్ని కూడా ధ్యానంతో ఓర్చుకుందామని చాన్నాళ్ళు పళ్ళు బిగబట్టాను, అది నా తెలివితక్కువ. బాణం దిగితే ముందు పీకించుకోవాలని ఆయనే ఇంకోచోట అన్నాడు. అందుకే ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి. పక్కన కూర్చున్న పెద్దావిడ ‘చెవుల్లో అవేంది నైనా?’ అంటే ‘సద్దు పడదమ్మా’ అంటాను, అంతే.

తర్వాత, వేదనను గమనించడం. మన తెలుగులో వేదన అంటే బాధే. పాళీలో అది మూడు రకాలు: సుఖం, దుఃఖం, రెండూ కానిది. ‘ఎలా ఉంది?’ అని అడిగితే మనలో చాలామందికి జవాబు దొరకదు. కోపమా, భయమా, ఆకలా అని తేల్చక్కర్లేదు. బాగుందా, బాలేదా, ఏమీ లేదా? గంటకోసారి చూసుకోండి. వరసగా రెండుసార్లు ‘బాలేదు’ అని వస్తే లేచి బయటికి నడవండి, మెల్ట్‌డౌన్ దాకా, అంటే ఇక తట్టుకోలేక అదుపు తప్పేదాకా, ఆగొద్దు.

కళ్ళు మూసుకుని ఊపిరి చూడమంటే కొందరికి దడ ఇంకా పెరుగుతుంది. నాకంతే. నడక ధ్యానం చేయండి, బౌద్ధంలో దాన్ని చంక్రమణం అంటారు. అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. గోవింద నామాల మధ్య నేను మెట్లు లెక్కపెట్టుకుంటూ, పాదం కింద చల్లదనం చూసుకుంటూ పోతాను. వందకే దిగొచ్చిన రోజులూ ఉన్నాయి. వేళ్ళు ఆడించే అలవాటుంటే ఆపకండి.

ఇక మధ్యమ మార్గం. సోణుడనే భిక్షువు పాదాలు నెత్తురోడేదాకా నడిస్తే, తీగ మరీ బిగిస్తే వీణ పలుకుతుందా, వదులైతే పలుకుతుందా అని అడిగాడు బుద్ధుడు. పెళ్ళిలో మూడు గంటలు నవ్వు నటించడం బిగించడం, అసలు పోకపోవడం వదిలేయడం. మా అత్త కూతురి పెళ్ళికి ముందే చెప్పాను: ‘అత్తా, అరగంటే ఉంటా, అలిగి పోయానని అనుకోవద్దు.’ అక్షింతలు వేసి, మొదటి బంతిలో తిని లేచేసరికి, నా తాంబూలం సంచి గుమ్మం దగ్గర విడిగా పెట్టించి ఉంది.