ఫ్లాట్ కొనేముందు ఇవి చూసుకోండి

హైదరాబాద్‌లో ఫ్లాట్ చూస్తున్నారా? ముందు బ్రోచర్ పక్కన పెట్టి కార్పెట్ ఏరియా ఎంతో అడగండి, ఎందుకంటే వాళ్లు చెప్పే 1,500 చదరపు అడుగుల్లో మెట్లు, లిఫ్టు, కారిడార్ వాటా కూడా కలిసి ఉంటుంది, మన మంచాలూ బీరువాలూ పట్టేది మాత్రం కార్పెట్ ఏరియాలోనే. రేటు దాని మీద లెక్కేస్తేనే రెండు ప్రాజెక్టుల మధ్య అసలు తేడా తెలుస్తుంది.

తర్వాత తెలంగాణ రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు ఉందో లేదో చూడండి. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతం మించి తీసుకోకూడదని 2016 రెరా చట్టమే చెబుతోంది. కాబట్టి ప్రీలాంచ్ (రెరాలో రిజిస్టర్ కాకముందే అమ్మే) ఆఫర్ ఈ వారమే అని ఎవరైనా తొందరపెడితే, దయచేసి డబ్బు ఇవ్వకండి, పిల్లల చదువుకు దాచుకున్నది ఇరుక్కుపోతుంది.

లోన్ 75 లక్షలు దాటితే బ్యాంకు ఇంటి విలువలో 75 శాతం వరకే ఇస్తుంది, మిగతాదీ రిజిస్ట్రేషన్ ఖర్చూ మన చేతిలోంచే. కడుతున్న ఫ్లాటుకు మామూలుగా 5 శాతం జీఎస్టీ ఉంటుంది, ఓసీ (కట్టడం పూర్తయి ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్) వచ్చాక కొంటే ఉండదు.

ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, అప్పులు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల పత్రాలు) మీ సొంత లాయర్‌కే చూపించండి. పక్కన చెరువుంటే ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు, ఎక్కడిదాకా ఉందో తప్పకుండా కనుక్కోండి, గట్టి వాన పడిన మర్నాడు ఆ వీధిలో ఒకసారి నడిచి రండి.