ఆవగింజంత భూమి, ఫుట్‌బాలంత సూర్యుడు

విశాఖలో మాకో చిన్న సైన్స్ గది ఉంది. ఆదివారాలు 4 నుంచి 8 ఏళ్ల పిల్లలు వస్తారు. మొదట్లో బటన్ నొక్కితే వెలిగే సూర్యుడి బొమ్మ పెట్టాను. పిల్లలు నొక్కారు, వెలిగింది, వెళ్లిపోయారు. ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. దాన్ని తీసేసి వంటింటి సామాన్లు పెట్టాక గదిలో గోల మొదలైంది. ఆ గోలే నాకు కావాలి.

ముందుగా ప్రతి బిడ్డ చేతా ఒక మాట అనిపించండి: "సూర్యుణ్ణి నేరుగా చూడను." కూలింగ్ గ్లాసులు పెట్టుకున్నా చూడకూడదు. ఈ విషయంలో నేను ఎవరి మొహమాటానికీ పోను.

మొదలు నీడతోనే పెట్టండి. ఉదయం 9 గంటలకు గచ్చు మీద ఇద్దరిద్దరిని నిలబెట్టి, ఒకరి నీడ చుట్టూ ఇంకొకరితో సుద్దముక్కతో గీయించండి. పాదాల చుట్టూ కూడా గీయాలి, లేకపోతే మళ్లీ అదే చోట నిలబడలేరు. 12 కొట్టేలోపు మళ్లీ అక్కడే నిలబెట్టండి. "టీచర్, నా తల కాళ్ల దగ్గరికొచ్చేసింది!" అని ఒక ఐదేళ్ల పాప గట్టిగా అరిచింది. అప్పుడు జవాబు చెప్పేయకండి. "ఎందుకలా?" అని అడిగి ఊరుకోండి. వాళ్లు పైకి చేయి చూపించి, వాదించుకుని, వాళ్లంతట వాళ్లే చెప్పేదాకా ఆగండి.

మన పిల్లలకు సూర్యుడు సముద్రంలోంచి వస్తాడని గట్టి నమ్మకం. ఆర్‌కే బీచ్‌లో కళ్లారా చూశారు మరి. తప్పని కొట్టిపారేయకండి, ఒక బత్తాయి ఇవ్వండి. పైనుంచి కిందకు పుల్ల గుచ్చి, నడుముకు కాస్త పైన లవంగం గుచ్చితే అదే విశాఖ. దాని కుడిపక్క స్కెచ్ పెన్నుతో నీలం పూస్తే బంగాళాఖాతం. గది చీకటి చేసి, టేబుల్ లైటు ఒకచోట కదలకుండా ఉంచి, బత్తాయిని ఎడమ నుంచి కుడికి మెల్లగా తిప్పమనండి. చీకట్లోంచి ముందు నీలం వెలుగులోకి వస్తుంది, ఆ తర్వాతే లవంగం. "లవంగం మీద చీమ కూర్చుంటే దానికి వెలుగు ఎటునుంచి వస్తుంది?" అని అడగండి. "సముద్రంవైపు నుంచి!" అంటారు. తిరిగింది లైటు కాదని వాళ్ల చేతికి తెలుసు.

సైజు సంగతికి 2 మిల్లీమీటర్ల ఆవగింజ భూమి. దానికి తగ్గ సూర్యుడు సుమారు 22 సెంటీమీటర్ల ఫుట్‌బాల్, ఎందుకంటే సూర్యుడి అడ్డుకొలత భూమికి 109 రెట్లు. రెండింటి మధ్య దూరం 23 మీటర్ల పైనే ఉండాలి. గదిలో పట్టదు, తాడు కొలిచి బీచ్‌కి తీసుకెళ్లండి. ఆవగింజకు 6 సెంటీమీటర్ల దూరంలో ఒక ఇసుక రేణువు పెడితే చందమామ. పిల్లలు అక్కడే బోర్లా పడుకుని చూస్తారు, చూడనివ్వండి.

అట్టముక్కకు 3 మిల్లీమీటర్ల త్రికోణం చిల్లు పెట్టి, ఎండలో తెల్లకాగితానికి మీటరున్నర ఎత్తున పట్టుకోమనండి. కాగితం మీద పడే వెలుగు గుండ్రంగా ఉంటుంది. అది సూర్యుడి బొమ్మ. చెట్ల కింద కనిపించే గుండ్రటి మచ్చలూ అవే.

మే రెండో వారంలో ఒకరోజు మధ్యాహ్నం 12కు కాస్త ముందు సూర్యుడు మన ఊరికి సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిటారు డబ్బాను డాబా మీద పెడితే దాని నీడ దాని కిందే దాక్కుంటుంది. పిల్లలకు చెప్పులు, టోపీలు తప్పనిసరి, పది నిమిషాల్లో కిందకు దించేయాలి. ఆగస్టు మొదట్లో ఇలాంటి రోజు మళ్లీ వస్తుంది కానీ అప్పుడు మబ్బులెక్కువ. అందుకే బడి సెలవులైనా సరే, నేను మే నెలలోనే పిల్లల్ని పిలుస్తాను.