డీజిల్ ఫిల్టర్ మార్చాక బండి మొరాయిస్తోందా? ముందు ప్రైమర్ నొక్కి చూడండి

డీజిల్ ఫిల్టర్ ఎలా మార్చాలో ఇక్కడ చెప్పడం లేదు. పాతది విప్పడం, కొత్తది బిగించడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. మార్చాక మొదలయ్యే తంటాల గురించే ఇదంతా. ఫిల్టర్ దగ్గర చేత్తో నొక్కే ప్రైమర్ (డీజిల్‌ని లైనులోకి ఎక్కించే చిన్న చేతి పంపు) ఉండి, ట్యాంకులోని డీజిల్‌ని ఇంజిన్ పక్కనున్న పంపే లాక్కునే రకం కామన్ రైల్ కార్లకు, అంటే రైల్ అనే ఒకే గొట్టంలోంచి అన్ని ఇంజెక్టర్లకూ ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే కార్లకు, ఇది పనికొస్తుంది. ట్యాంకులోనే ఎలక్ట్రిక్ పంపు ఉన్న బండ్ల కథ వేరు. పెట్రోల్ కార్లలో ఇప్పుడు చాలావాటికి ఫిల్టర్ ట్యాంకులోనే ఉంటుంది, ఇంట్లో దాని జోలికి పోకపోవడమే మేలు.

ఫిల్టర్ మార్చిన మర్నాడు బండి స్టార్ట్ కాకపోతే మనవాళ్లు ముందు బ్యాటరీని అనుమానిస్తారు. తర్వాత స్టార్టింగ్ కోసం ఇంజిన్ లోపల వేడి పుట్టించే గ్లో ప్లగ్గులు, ఆ తర్వాత డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు. నిన్నటిదాకా బాగా నడిచిన బండిలో నిన్న కదిపింది ఫిల్టర్ ఒక్కటే కదా, ఒకసారి అక్కడ చెయ్యి పెట్టి చూద్దామని మాత్రం ఎవరికీ తట్టదు.

సమస్య: సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవడం లేదు

మార్చిన వెంటనే ఇలా అయితే లైనులో గాలి ఉన్నట్టే. ప్రైమర్ నొక్కండి. మెత్తగా దిగిపోతుంటే డీజిల్ ఇంకా చేరలేదు. గాలి వదిలే ఎయిర్ స్క్రూ ఉంటే కాస్త వదులు చేసి, నురగ పోయి డీజిల్ నిండుగా వచ్చేదాకా కొట్టి బిగించండి. ఆ తర్వాత ప్రైమర్ బొటనవేలు నొప్పెట్టేంత గట్టిపడే వరకు కొట్టండి. అప్పుడే తాళం తిప్పాలి. సెల్ఫ్ ఒక్కోసారి 10 సెకన్లకు మించి వద్దు, మధ్యలో ఒక నిమిషం ఆగండి. ఇంజిన్ పక్కనున్న ఆ హైప్రెషర్ పంపుకి డీజిల్ తప్ప వేరే కందెన లేదు. పొడిగా తిప్పుతూ పోతే లోపల అరిగి, ఆ ఇనుప రజను ఇంజెక్టర్ల దాకా పోతుంది.

పాత మెకానిక్కులు కొందరు ఇంజెక్టర్ నట్లు వదులు చేసి, సెల్ఫ్ కొడుతూ గాలి తీస్తారు. పాత ఇంజిన్లకు అది చెల్లింది. కామన్ రైల్‌లో 1,600 బార్ ఒత్తిడి మామూలు విషయం, ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. ఆ నట్లు ముట్టుకోవద్దు.

ఇంకో అలవాటు, కొత్త ఫిల్టర్‌లో డీజిల్ నింపి బిగించడం. తిప్పి బిగించే డబ్బా రకంలో మధ్య రంధ్రం వడకట్టిన డీజిల్ బయటికి పోయే దారి. క్యాన్ డీజిల్ అందులో పోస్తే ఆ చెత్తంతా నేరుగా పంపులోకే. పోసేవాళ్లు చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లోంచే పోయండి. నన్నడిగితే అసలు పోయకండి, ప్రైమర్ ఉన్నది అందుకే.

సమస్య: సాయంత్రం బాగానే ఉంది, పొద్దున్నే మొండికేస్తోంది

అందరినీ ఏడిపించేది ఇదే. మార్చిన రోజు ఏ గొడవా ఉండదు. రాత్రంతా ఆగిన బండి పొద్దున చాలాసేపు సెల్ఫ్ కొడితే గానీ స్టార్ట్ కాదు. అయ్యాక కాసేపు మిస్సింగ్, తెల్ల పొగ, తర్వాత మామూలే. ముందు భాగం ఎత్తులో ఉండేలా ర్యాంపు మీద పార్క్ చేసిన రోజు మరీ ఎక్కువ. బానెట్ ఎత్తి చూస్తే చుక్క డీజిల్ కారి ఉండదు. "అంతా డ్రైగానే ఉంది, ఫిల్టర్ బాగానే బిగించాను" అని తీర్మానించేసి బ్యాటరీ కొనుక్కొస్తారు.

డ్రైగా ఉండటమే ఇక్కడ మోసం. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న లైను డీజిల్‌ని తోసేది కాదు, పీల్చేది. చిల్లు పడిన స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగి చూడండి: చిల్లులోంచి నీళ్లు కారవు, నోట్లోకి గాలి వస్తుంది. ఇంజిన్ నడిచేటప్పుడు ఈ లైనులో జరిగేది కూడా అంతే. ఆపాక ఆ సందులోంచే గాలి దూరి, లైనులోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది.

కాబట్టి పొద్దున్నే, తాళం పెట్టకముందే, ప్రైమర్ నొక్కండి. రాత్రి రాయిలా ఉన్నది పొద్దునకి మెత్తబడిందంటే గాలి దూరుతోంది. గట్టిపడేదాకా కొట్టి స్టార్ట్ చేయండి. ఒక్క దెబ్బకు అందుకుంటే ఇక బ్యాటరీ, గ్లో ప్లగ్గుల మాట ఎత్తక్కర్లేదు. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. దీన్ని వదిలేసి ఇంజెక్టర్లు విప్పించి టెస్టింగ్‌కి పంపినవాళ్లను చూశాను.

ఎక్కడ దూరుతోంది? మొదట రబ్బరు రింగు చూడండి. పాతది ఫిల్టర్‌తో పాటు ఊడకుండా పైన హెడ్‌కే, అంటే ఫిల్టర్ బిగించే భాగానికే, అతుక్కుని ఉంటుంది. నల్లటి హెడ్డుకి నల్లటి రింగు, కంటికి కనబడదు, గోరు పెట్టి గీకితేనే తెలుస్తుంది. దాని మీదే కొత్త రింగు కూర్చుంటే టైట్ అయినట్టే అనిపిస్తుంది, కానీ సీల్ కాదు. రెండోది, పొడి రింగు. శుభ్రమైన డీజిల్ రాయకుండా బిగిస్తే మెలిపడుతుంది. మూడోది క్లిప్ పైపులు. నొక్కినప్పుడు 'టక్' మని వినబడాలి, లాగితే రాకూడదు. లోపలి రింగు ఎండిపోయి ఉంటే 'టక్' మన్నా లాభం లేదు. మామూలు రబ్బరు పైపైతే, గట్టిపడిన చివర కొంచెం కోసి కొత్త క్లిప్ వేయండి.

వీటన్నిటికంటే దొంగది అడుగున ఉంటుంది. పాత ఫిల్టర్ కింద, డీజిల్‌లో నీళ్లు చేరితే చెప్పే నీటి సెన్సరో, డ్రెయిన్ స్క్రూనో విప్పి కొత్తదానికి పెడతాం కదా, దానికీ ఒక చిన్న ఓ-రింగు ఉంది. చాలా ఫిల్టర్లతో కొత్తది చిన్న ప్లాస్టిక్ కవర్లో వస్తుంది, అది అట్టపెట్టెతో పాటే చెత్తబుట్టలోకి పోతుంది. పాత రింగు చప్పిడిబడి పైకి బాగానే కనిపిస్తుంది. పైన మూడుసార్లు విప్పి బిగించినవాళ్లు కూడా కిందకి చెయ్యి పెట్టరు. ఒక బండికి ఇలాగే పంపు మార్చాలని చెప్పి పంపించారట. తీరా చూస్తే ఆ చిటికెన వేలంత రింగు మీద కత్తిగాటులా సన్నటి పగులు. రింగు మార్చాక మర్నాడు పొద్దున ప్రైమర్ గట్టిగా ఉంది.

పట్టుకోవడానికి చిట్కా: ఫిల్టర్ చుట్టూ శుభ్రంగా తుడిచి, జాయింట్ల మీద ముఖానికి వేసుకునే పౌడర్ చల్లి, ప్రైమర్ గట్టిగా కొట్టండి. ప్రైమర్ తర్వాతి భాగం అప్పుడు ఒత్తిడికి వస్తుంది కాబట్టి లీకు ఉన్నచోట పౌడర్ తడిసి రంగు మారుతుంది. తడవకపోతే మాత్రం లీకు లేదని అనుకోకండి. ఒత్తిడికి మూసుకుని, పీల్చినప్పుడే తెరుచుకునే రింగులూ ఉంటాయి. అప్పుడు ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య డీజిల్‌కి తట్టుకునే పారదర్శక గొట్టం కలిపి, ఇంజిన్ నడుపుతూ చూడండి. మొదట్లో రెండు మూడు బుడగలు మామూలే. ఆగకుండా వస్తుంటే అదే గొట్టాన్ని ఫిల్టర్‌కి ముందు పెట్టండి. అక్కడా బుడగలుంటే తప్పు ట్యాంకు వైపు పైపుది, లేకపోతే ఫిల్టర్ దగ్గరిదే. చూశాక గొట్టం తీసేయండి, అలాగే వదిలేసి తిరగొద్దు.

సమస్య: పికప్ లేదు, ఎత్తు ఎక్కడం లేదు

ముందు ఇన్, అవుట్ పైపులు తారుమారు కాలేదు కదా చూడండి. తర్వాత పైన చెప్పిన గాలి. ఆ తర్వాత డూప్లికేట్ ఫిల్టర్. బరువులోనూ, అచ్చులోనూ తేడా పాతదాన్ని పక్కన పెడితే తెలిసిపోతుంది. మార్చకముందు నుంచీ పికప్ లేకపోతే ట్యాంకులోని జాలీ మూసుకుపోయి ఉండొచ్చు.

సమస్య: నీటి లైటు వెలుగుతోంది

సెన్సర్ ప్లగ్ పెట్టారా? పెట్టినా వెలుగుతుంటే డ్రెయిన్ తిప్పి గాజు సీసాలోకి కొంచెం దింపి, కాసేపు ఆగండి. నీళ్లుంటే అడుక్కి చేరతాయి. ట్రాక్టర్ కోసం డ్రమ్ములో దాచిన డీజిల్ కారులో పోసే ఇళ్లలో ఇది ఎక్కువ. ఒకసారి దింపినంత మాత్రాన సరిపోదు, ట్యాంకు కడగాలి.

డీజిల్ బయటికే కారుతుంటే సంతోషించండి, చోటు కనబడుతోంది. ఆ జాయింటే సరిచేయండి.

మిగతావి, అంటే రైల్ సెన్సర్, పంపు వాల్వు, ఇసియు (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), ఫిల్టర్ మార్చిన మర్నాడే పాడవడం అరుదు. స్కానర్ పెడితే పి0087, అంటే రైల్‌లో ఒత్తిడి తక్కువ అన్న కోడ్ రావచ్చు. గాలి దూరినా అదే కోడ్ వస్తుంది. సెన్సర్ కొనే ముందు ఆ గొట్టంలో బుడగలున్నాయో లేదో చూసుకోండి.