అద్దానికి అంటిన ఫోటోను లాగకండి

పోయిన వారం ముసురు వదిలాక తిరుపతిలో పటాలు కట్టే ఒక దుకాణంలో కళ్లారా చూసిన సంగతి ఇది. పాత పెళ్లి ఫోటో. స్టూడియో కుర్చీలో వరుడు కూర్చుని ఉన్నాడు, కుర్చీ వీపు మీద చేయి వేసి వధువు నిలబడి ఉంది. నెగటివ్ లేదు, మరో ప్రతి లేదు. చట్రానికి చెద పట్టిందని కొత్తది వేయించడానికి తెచ్చారు. ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంది. పనిలో ఉన్న కుర్రాడు ఒక మూలను గోటితో ఎత్తి లాగాడు. పంచె అంచు, కుర్చీ కోళ్లు కాగితంతో వచ్చాయి. ఇద్దరి ముఖాలూ అద్దం మీదే ఉండిపోయాయి.

మన తిరుపతి, చిత్తూరు జిల్లాలకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరు 18, 19 తేదీల్లో తిరుపతి వీధులు ఏరులైన సంగతి ఎవరూ మరిచిపోలేదు. ట్రంకుపెట్టెను నేల మీద నుంచి ఎత్తి పెట్టమనీ, ఆల్బమ్‌ను కిటికీ పక్కన ఉంచవద్దనీ మళ్లీ నేను చెప్పాల్సిన పని లేదు. అవి అందరూ చేస్తారు. అన్నీ చేసినవాళ్లు కూడా చివరకు ఒక్క పనితో కొంప ముంచుకుంటారు. అంటుకున్న ఫోటోను లాగుతారు.

ఎందుకు అంటుకుంటుంది?

మన ఇళ్లలోని నలుపు తెలుపు ఫోటోల్లో చాలావాటికి బొమ్మ కాగితంలో ఉండదు. కాగితం మీద పూసిన జెలటిన్ పొరలో, సన్నని వెండి రేణువులుగా ఉంటుంది. జెలటిన్ అంటే పశువుల చర్మాలు, ఎముకలు ఉడికించి తీసేది. వడ్రంగులు ఒకప్పుడు కాచి వాడిన జిగురు కూడా దాదాపు ఇదే పదార్థం. చెమ్మ తగిలితే ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, ఎదురుగా ఉన్న అద్దాన్ని పట్టుకుంటుంది. ఆరాక ఆ పట్టు రాయిలా బిగుస్తుంది. అప్పుడు లాగితే జెలటిన్ కాగితాన్ని వదిలేస్తుంది గానీ అద్దాన్ని వదలదు.

అంటుకుందో లేదో తెలుసుకోవడానికి చట్రం విప్పాల్సిన అవసరం లేదు. పటాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. అంటుకున్న చోటు తడిసినట్టు నల్లగా, నిగనిగలాడుతూ కనిపిస్తుంది. విడిగా ఉన్న చోటు కాస్త పాలిపోయి ఉంటుంది. రెండింటికీ మధ్య ఒక్కోసారి సన్నని రంగుల వలయాలు కూడా తేలతాయి.

గోడ మీది పటాలు

వానలకు ముందు మహాలయ పక్షం, దసరా వస్తాయి. పెద్దల పటాలు దించి, తడిగుడ్డతో తుడిచి, గంధం, కుంకుమ పెట్టి, పూలదండ వేస్తాం. ప్రమాదం అక్కడే మొదలవుతుంది. తడిగుడ్డ నీళ్లు అద్దం అంచున చట్రంలోకి దిగుతాయి. నీళ్లు చిలకరించిన పూలదండ రాత్రంతా కింది అంచును తడుపుతుంది. చాలా ఫోటోలు కిందనుంచే అంటుకోవడానికి కారణం ఇదే. దండ వేయవద్దని అనను, వేయకుండా ఉండలేం కూడా. నీరు పూర్తిగా ఓడ్చాక వేయండి, మరునాడు తీసేయండి. అద్దాన్ని పొడిగుడ్డతోనే తుడవండి.

వాన కొట్టే బయటి గోడకు పటం తగిలించకండి. వేరే చోటు లేకపోతే చట్రం వెనక నాలుగు మూలలా బిరడా ముక్కలు అతికించండి, గోడకూ అట్టకూ మధ్య గాలి ఆడుతుంది. కొత్తగా పటం కట్టించేటప్పుడు ఫోటో చుట్టూ మందపాటి అట్ట మౌంట్ పెట్టించండి. ఫోటోకూ అద్దానికీ ఎడం రావడానికే అది. అందం కోసం అనుకుని చాలామంది ఆ ఖర్చు తగ్గించుకుంటారు.

ఇప్పటికే అంటుకుని ఉంటే అద్దంతో సహా అలాగే ఉంచండి. లాగకండి. ముందు ఆ స్థితిలోనే ఫోటో తీయించండి. పలుచని చౌక స్కానర్లు అద్దం మందం దాటి స్పష్టంగా చూపలేవు. కెమెరాయే నయం. పటాన్ని నీడలో పడుకోబెట్టి, పక్కనుంచి వెలుతురు పడేలా చూసి, ప్రతిబింబం రాకుండా కెమెరా వెనక నల్లగుడ్డ అడ్డం పట్టాలి.

తడిస్తే

నీళ్లు చేరిన పటాన్ని అద్దం కిందికి వచ్చేలా బల్ల మీద బోర్లించి, వెనక అట్ట, మేకులు తీయండి. ఫోటో దానంతట అది వదిలితే తీసుకోండి. ఎక్కడ పట్టుకున్నా ఆపేయండి, అద్దం మీదే ఆరనివ్వండి. ఒకదానికొకటి అంటిన తడి ఫోటోలు వేరే కథ. వాటిని ఆరనివ్వకూడదు. శుభ్రమైన చల్లని నీళ్లలో ఉంచితే నెమ్మదిగా అవే విడిపోతాయి. రెండు రోజులు మించితే జెలటిన్ పాడవుతుంది. విడిపోయాక బొమ్మ పైకి ఉండేలా బ్లాటింగ్ పేపర్ మీద, నీడలో ఆరబెట్టాలి. చేత్తో రంగులు అద్దిన పాత ఫోటోలను, ఇంక్‌జెట్ ప్రింట్లను మాత్రం నీళ్లలో వేయకండి, రంగు వదులుతుంది.

గ్రీటింగ్ కార్డులు సేకరించేవారికి మరో మాట. సంక్రాంతి, కొత్త సంవత్సరం కార్డుల్లో నున్నని మెరుపు కాగితం ఎక్కువ. ఆ మెరుపు బంకమట్టి పూతది. తడిసి, కట్ట విప్పకుండానే ఆరిపోతే మొత్తం ఒకే ఇటుక అవుతుంది, ఎవరూ విడదీయలేరు. తడిగా ఉన్నప్పుడే ఒక్కొక్కటిగా విడదీయాలి. ఇంకు పెన్నుతో రాసిన ఇన్‌లాండ్ లెటర్లను ముందుగా ఎత్తు మీదికి చేర్చండి, ఆ నీలి ఇంకు నీళ్లకు నిలవదు.

ఇక మిగిలినవి వరసగా చెబుతాను.

హెయిర్ డ్రయ్యర్ వద్దు. ఎండ వద్దు. బ్లేడు, ఆవిరి, వేడినీళ్లు ఏవీ వద్దు. యూట్యూబ్‌లో ఎవరో చేసి చూపించారని మీ తాతగారి ఫోటో మీద ప్రయోగం చేయకండి.

లామినేషన్ చేయించకండి. వేడికి కరిగిన జిగురు ఫోటోలోకి ఇంకుతుంది, తర్వాత దాన్ని తీసే మార్గం ఉండదు. వానలు వస్తున్నాయని లామినేషన్ దుకాణానికి పరిగెత్తేవారే ఎక్కువ.

సెల్లోటేపు, రబ్బరు బ్యాండు, గుండుసూది, స్టేపుల్ పిన్ను: అన్నీ ఈ వారమే తీసేయండి. టేపు అంటి ఉంటే మాత్రం అదీ లాగకండి.

జిగురు గీతల ఆల్బమ్‌లోంచి ఫోటో రాకపోతే వంచకండి. వెనక నుంచి సన్నని దారాన్ని మెల్లగా జరిపి చూడండి. రాకపోతే ఆల్బమ్‌లోనే ఉంచి, ఫోటో తీసుకోండి.

కలరా ఉండలు వేయకండి. పచ్చి వేపాకు కూడా, అది తేమను వెంట తెస్తుంది.

ఫోటోల మధ్య వార్తాపత్రిక పెట్టకండి.

అటక మీద పెట్టకండి. స్లాబు కారేది ముందుగా అక్కడే.

పాత కాగితాల దుకాణంలో కొన్న కట్టను నేరుగా మీ పెట్టెలో కలపకండి. వానాకాలమంతా వేరే డబ్బాలో ఉంచండి. బూజు వాసన, సిల్వర్ ఫిష్ పురుగు ఉంటే బయటపడతాయి.

ఫోటో వెనక పేర్లు బాల్ పెన్నుతో రాయకండి. మెత్తని పెన్సిల్ వాడండి, గట్టిగా ఒత్తకండి. స్టూడియో ముద్ర మీద అసలే రాయకండి.

పటం కింద పడి అద్దం పగిలితే, ఫోటోను ముక్కలతో సహా గట్టి అట్ట మీద పరచండి. విడిగా ఉన్న ముక్కలు ఏరేయండి. ఫోటోకు అంటి ఉన్న ముక్క ఎంత చిన్నదైనా అక్కడే ఉండనివ్వండి. దాన్నీ లాగకండి.