ఈఆర్‌కే పనిలోకి దిగిందో లేదో బ్లాట్‌లో చూడటం ఎలా

పెరగాలా, విభజన చెందాలా, ఒత్తిడిని తట్టుకోవాలా అన్న కబురును కణంలోపలికి మోసే మ్యాప్ కైనేజ్‌లు (ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్‌లు) ఈస్టు నుంచి మనిషి దాకా పెద్దగా మారలేదు. ముఖ్యమైన మూడు శాఖల్లోనూ మీట ఒకచోటే: థ్రియొనైన్, మధ్యలో ఒక అమైనో ఆమ్లం, ఆపైన టైరోసిన్. మధ్యలోది గ్లుటమేట్ అయితే ఈఆర్‌కే, ప్రోలీన్ అయితే జేఎన్‌కే, గ్లైసీన్ అయితే పీ38. అటూ ఇటూ రెండు ఫాస్ఫేట్లూ పడితేనే ఎంజైమ్ పూర్తిగా మేలుకుంటుంది. వెస్టర్న్ బ్లాట్‌లో, అంటే ప్రోటీన్లను జెల్‌లో పరిమాణాన్ని బట్టి విడదీసి, మెంబ్రేన్ మీదికి మార్చి, యాంటీబాడీతో గుర్తించే పద్ధతిలో, మనం వెతకాల్సింది ఆ ఫాస్ఫేట్ల జంటనే.

ముందు రాత్రే కణాలకు సీరం ఆపేయండి. లేకుంటే అందులోని వృద్ధి కారకాల వల్ల జెల్‌లో ఒక్కో నమూనా నడిచే వరుసలు, అంటే లేన్లు, అన్నీ ఒకేలా వెలుగుతాయి. మర్నాడు ఒక డిష్‌ను అలాగే ఉంచి, మిగతావాటికి ఈజీఎఫ్ అనే వృద్ధి కారకం ఇచ్చి 5, 15, 60 నిమిషాల దగ్గర ఆపండి. చాలా రకాల కణాల్లో మొదటి కొద్ది నిమిషాల్లోనే సంకేతం తారస్థాయికి చేరుతుంది. ఇంకో డిష్‌కు ముందుగా యూ0126 వంటి మెక్ నిరోధకం (ఈఆర్‌కే మీద ఫాస్ఫేట్లు పెట్టే మెక్ ఎంజైమ్‌ను ఆపే మందు) ఇవ్వండి. అందులోనూ బ్యాండ్ ముదురుగా వస్తే మందు చెడిపోయిందనో, యాంటీబాడీ మోసం చేస్తోందనో అనుకోవాలి.

ఈ ప్రయోగం గెలిచేదీ ఓడేదీ కణాలను పగలగొట్టే ఆ రెండు నిమిషాల్లోనే. ఫాస్ఫేట్లను ఊడదీసే ఫాస్ఫటేజ్‌లు మీకోసం ఆగవు. డిష్‌ను మంచు మీద పెట్టి, చల్లటి బఫర్‌తో కడిగి, వంచి చివరి చుక్క వరకు పీల్చేసి, వెంటనే కణాలను పగలగొట్టే లైసిస్ బఫర్ పోయండి. అందులో సోడియం ఫ్లోరైడ్, సోడియం ఆర్థోవనడేట్ రెండూ ఉండాలి: మొదటిది సెరీన్, థ్రియొనైన్ల మీది ఫాస్ఫేట్లను, రెండోది టైరోసిన్ మీదివాటిని కాపాడుతుంది. వనడేట్‌ను పీహెచ్ 10 దగ్గర పసుపు పోయి నీళ్లలా తేటపడేదాకా మరిగించి తయారుచేయాలి. పసుపుగా ఉన్నదాన్ని వాడటం కంటే ఆరోజు ప్రయోగం మానుకోవడం మేలు.

జెల్, బదిలీ మామూలే. బ్లాకింగ్‌కు, అంటే యాంటీబాడీ మెంబ్రేన్ మీద ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా చూడటానికి, పాలపొడి సరిపోతుందనేవారున్నారు. అందులోని కేసీన్ కూడా ఫాస్ఫేట్లు మోసేదే కాబట్టి నా ఓటు ఆల్బుమిన్‌కే. ఈఆర్‌కే1, ఈఆర్‌కే2 బ్యాండ్లు వరుసగా 44, 42 కిలోడాల్టన్ల దగ్గర జంటగా వస్తాయి. కిందిది ముదురుగా ఉంటే కంగారు వద్దు, చాలా కణాల్లో ఈఆర్‌కే2 పాలే ఎక్కువ.

తర్వాత అదే మెంబ్రేన్‌ను స్ట్రిప్ చేసి (మొదటి యాంటీబాడీని కడిగేసి), ఫాస్ఫేట్ ఉన్నదీ లేనిదీ కలిపి మొత్తం ఈఆర్‌కే కూడా చూడండి. అది లేకుండా ఫాస్ఫో బ్యాండ్ ఒక్కటే తెచ్చేవారితో నేను వాదించను, జెల్ మళ్లీ నడపమంటాను.