తొలకరి తడిని నమ్మి పత్తి గింజ పెట్టే ముందు

మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడగానే చేతులు ఆగవు. పక్క చేలో విత్తడానికి సాళ్లు గీసే అచ్చు తోలుతుంటే మనకు గట్టు మీద కూర్చోబుద్ధి కాదు. అయినా ఆగండి. తొలి వానకు తడిసేది పైపైనే, ముందుగా ఆరేదీ ఆ పైపొరే. పత్తి గింజ పడేది కూడా అక్కడే, రెండంగుళాల లోపు.

మూడేళ్ల కిందట మా చల్కలో, అంటే తేలికపాటి ఇసుక నేలలో, నేను ఆగలేదు. రాత్రి బాగానే కొట్టింది, తెల్లారేసరికి నేల ముదురు రంగుకు తిరిగింది, మధ్యాహ్నానికి గింజలు పెట్టించాం. ఆ తర్వాత తొమ్మిది రోజులు చుక్క రాలలేదు. పదో నాడు సాలు తవ్వి చూస్తే గింజ ఉబ్బి, పొట్టు పగిలి, తెల్లటి మొన బియ్యపు గింజంత బయటికొచ్చి, అక్కడే గోధుమ రంగుకు మారి ఎండిపోయి ఉంది. తడే తగలని గింజలు చెక్కుచెదరలేదు. సగం తాగినవే చచ్చాయి.

వాన వెలిశాక నేల మొదట్నుంచి చివరిదాకా ఒకే తీరుగా ఆరదు. మొదట పైనంతా తడే కాబట్టి ఎండా గాలీ ఎంత లాగితే అంత నీరు పోతుంది. పడమటి గాలి ఈడ్చి కొడితే మబ్బు పట్టి ఉన్నా ఆరుతుంది. దీపం వత్తిలో నూనె ఎక్కినట్టు కింది తడి మట్టి సందుల్లోంచి పైకి పాకుతూ ఉంటుంది. ఎండ లాగే వేగానికి అది చాలనప్పుడు పైమట్టి రంగు తేలిపోతుంది. అక్కడి నుంచి ఆవిరి ఆ పొడి పొరను దాటి రావాలి కనుక ఆరడం నెమ్మదిస్తుంది. అందుకే పైన దుమ్ము లేస్తున్నా జానెడు లోతున మట్టి చల్లగా తగులుతుంది. ఆ చల్లదనం వేరు దిగిన మొక్కకు అక్కరకొస్తుంది, పైనున్న గింజకు కాదు.

తేలిక నేలల్లో 50-60 మి.మీ., నల్లరేగడిలో 60-75 మి.మీ. వాన పడ్డాకే పత్తి విత్తమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది ఇందుకే. మీ చేలో ఎంత పడిందో మీరే కొలవండి. పైనా కిందా ఒకే వెడల్పున్న డబ్బాను చెట్టు నీడ లేనిచోట పెట్టి, వాన ఆగగానే స్కేలు దించి చూస్తే చాలు.

తర్వాత పార పట్టుకుని మెరకలో, నడిమిన, పల్లంలో జానెడు లోతు తవ్వండి. మధ్యలో పొడి పొర కనిపిస్తే ఇంకో వాన కోసం చూడాల్సిందే. కింది మట్టిని పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, నడుమెత్తు నుంచి వదిలితే పగలాలి. రేగడి వేళ్లకు అంటుకుంటుంటే ట్రాక్టర్ దించకండి. నేల అణిగిపోయి, ఆరాక బెడ్డలు లేస్తాయి.

ఎర్ర చల్కల్లో ఇంకో చిక్కుంది. విత్తాక గట్టి వాన పడి, వెంటనే ఎండ కాస్తే పైన పెచ్చు కడుతుంది. మొలక దాని కిందే వంగి పసుపు పచ్చగా తిరుగుతుంది. సాలు వెంట నడుస్తూ ఆ పెచ్చును పైపైన చిదపండి, లోతుకు పోవద్దు. మొక్కలు నిలిచాక వరుసల మధ్య గుంటక తోలితే పైమట్టి గుల్లబారి, కింది తడి పైకి పాకే దారి తెగుతుంది.

విత్తిన రోజే కొన్ని చిన్న పాలిథిన్ సంచుల్లో మట్టి, ఎరువు నింపి గింజలు పెట్టి ఇంటి దగ్గర నీళ్లు చల్లుతూ ఉంచండి. చేలో సందులు పడితే అదే వయసు మొక్కలు నాటుకోవచ్చు.